తాలీంఖానా ఖురాకు – పహిల్వానుల కండబలం వెనుక చరిత్ర

వస్తాదు, పహిల్వాను, కుస్తీ, కసరత్తు, తాలీంఖానా – ఈ మాటల అర్థం కోసం ఏ తెలుగువాడూ నిఘంటువు తిప్పడు. ఇంట్లో పుట్టిన మాటలే అనుకుంటాడు. నిజానికి ఇవన్నీ ఫారసీ, అరబీల నుంచి వచ్చి మన పల్లెల్లో కాపురం పెట్టినవి. ‘ఉస్తాద్’ మన నోట పడి వస్తాదయ్యాడు. ‘పహ్లవాన్’ పహిల్వానయ్యాడు. ‘కస్రత్’ అంటే అరబీలో అధికం, ఎక్కువ. ఒకే పనిని పలుమార్లు చేయటం అనే భావంతో ఉర్దూలో వ్యాయామానికి పేరయి, తెలుగులో కసరత్తుగా స్థిరపడింది. ఇక ‘తాలీమ్’ అంటే చదువు చెప్పటం. బడిలో మేము చేసేదీ తాలీమే, గోదాలో వస్తాదు చేసేదీ తాలీమే. ఈ సంగతి తలచుకుంటే ఉర్దూ పంతుళ్ళుగా మాకు కాస్త గర్వంగానే ఉంటుంది.

ఈ వ్యాసం వ్రాయటానికి కారణం సభ్యులందరికీ తెలిసినదే. సంఘం షాదీఖానా మేడమీది గదిలో మన పిల్లల కోసం ఇనుప బరువులు, బల్లలు పెట్టించాలని యువకులు అర్జీ ఇచ్చారు. ఆ డబ్బు స్కాలర్‌షిప్పులకు వాడితే పుణ్యమూ పురుషార్థమూ కదా అని కొందరు పెద్దలు అన్నారు. ఇద్దరి మాటలోనూ సబబు ఉంది. ఒకవైపు మన కుర్రాళ్ళు బజారు జిమ్ములకు పోయి, నెల తిరిగేసరికి కండలు రావాలని వేలకు వేలు పోసి పొడి డబ్బాలు కొంటున్నారు. ఇంకోవైపు పెద్దలు “మా కాలంలో డబ్బాలున్నాయా? గామా పహిల్వాన్ ఏ పొడి తాగాడు?” అంటున్నారు. గామా ఏమి తాగాడు, ఏమి తిన్నాడు, ఎంత కసరత్తు చేశాడు, అదంతా ఎవరి ఖర్చు మీద చేశాడు అనేది తెలిసికొంటే ఈ తగవులో సగం తేలుతుందని మాకు తోచింది.

దీన్ వైపు నుంచి ఒక మాట చెప్పి ముందుకు పోతాము. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు రుకానా అనే పేరుపొందిన మల్లునితో కుస్తీ పట్టి అతన్ని పడగొట్టారని అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉన్నది. బలం గల విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటె అల్లాహ్‌కు ఎక్కువ ప్రియుడనీ, అయితే మేలు ఇద్దరిలోనూ ఉన్నదనీ సహీహ్ ముస్లింలోని ఒక హదీసు భావం. పెద్దలు మొదటి సగం విడిచిపెడతారు, కుర్రాళ్ళు రెండవ సగం విడిచిపెడతారు. కుస్తీలో ఎదుటివాణ్ణి పడేసినవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను పట్టుకొన్నవాడే బలశాలి అన్న హదీసు మాత్రం అందరికీ నోటికి వచ్చినదే.

బరువులెత్తి కండ పెంచటం, అందుకు తగిన తిండి తినటం ముస్లిములతో ఈ దేశానికి వచ్చిన విద్య అనుకొంటే పొరపాటు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు చేయించిన ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథంలో మల్లవినోదం అని ఒక భాగమే ఉంది. మల్లులను వయస్సును బట్టి, ఒడ్డూ పొడుగును బట్టి ఎట్లా తరగతులు చేయాలో, వాళ్ళకు రాజు ఏమి తినిపించాలో, ఎట్లా సాధన చేయించాలో అందులో చెప్పారు. మల్లుని పోషణ రాజుగారి ఖర్చులో పద్దు అన్నమాట. ఈ ‘రాజుగారి పద్దు’ అన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ దాని దగ్గరకే వస్తాము.

మన తెలుగువారికి ఇంకా దగ్గరి సాక్ష్యం శ్రీకృష్ణదేవరాయలది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు వర్తకుడు రాయలవారి దినచర్య వ్రాసి పెట్టాడు. రాజు తెల్లవారక ముందే లేచి, ముప్పావు పైంటు నువ్వులనూనె తాగి, ఒళ్ళంతా అదే నూనె పట్టించుకొని, నడుముకు చిన్న గుడ్డ చుట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతులతో ఎత్తేవారట. తరువాత కత్తి పట్టుకొని, ఒంటికి పట్టిన నూనె అంతా చెమటగా దిగిపోయేదాకా సాము చేసేవారు. పిమ్మట తన మల్లుల్లో ఒకనితో కుస్తీ, ఆపైన గుర్రపు స్వారీ. ఇదంతా తెల్లవారేలోగా. ఆముక్తమాల్యద వ్రాసిన చేయి అది. బరువులెత్తేవానికి చదువు రాదని అనేవారికి మేము ఈ ఉదాహరణే చెబుతుంటాము.

ఇక ఇరాను సంగతి. అక్కడ కసరత్తు చేసే చోటును జూర్‌ఖానా అంటారు, బలానికి ఇల్లు. తలుపు పొట్టిగా ఉంటుంది, లోపలికి పోయే ఎంతటివాడైనా తలవంచాలి. నడుమ పల్లంగా త్రవ్విన గుంట ఉంటుంది. దాన్ని గౌద్ అంటారు. మన ‘గోదా’ అన్న మాటకు చెవికి ఎంత దగ్గరగా ఉందో చూడండి! పైన గద్దె మీద ముర్షిద్ కూర్చుని డోలు వాయిస్తూ షాహ్‌నామా పద్యాలు చదువుతుంటే, ఆ దరువుకు తగినట్లు కింద పహిల్వానులు కసరత్తు చేస్తారు. లావుపాటి కర్ర ముగ్దర్ల జత, వాటిపేరు మీల్. తలుపురెక్కల్లాంటి రెండు బరువైన చెక్కలు, వెల్లకిల పడుకొని ఒక్కో చేత్తో ఒక్కొక్కటి ఎత్తాలి, వాటిపేరు సంగ్. బాణం లేని ఇనుపవిల్లు, దానికి తాడుకు బదులు గొలుసు, దానిపేరు కబ్బాదా. ఈనాటి జిమ్ములో బల్లమీద పడుకొని ఛాతీ బరువు ఎత్తే కుర్రవాడికీ, సంగ్ ఎత్తే పహిల్వానుకూ పనిలో తేడా కొంచెమే. 2010లో యునెస్కో ఈ జూర్‌ఖానా ఆచారాన్ని మానవజాతి వారసత్వ సంపదలో చేర్చింది.

ఇరానీ పహిల్వానులు తమ ఆదర్శంగా చెప్పుకొనే మనిషి పహ్లవాన్ మహమూద్, పూర్యాయే వలీ అని కూడా అంటారు. ఖ్వారజ్మ్ దేశంవాడు, 1322లో పోయాడంటారు. ఖీవా పట్టణంలో ఆయన సమాధి నేటికీ యాత్రాస్థలం. ఆయన గురించి చెప్పుకొనే కథ ఒకటుంది. మరునాటి కుస్తీలో తనతో తలపడబోయే కుర్రవాని తల్లి, కొడుకు గెలవాలని ఏడుస్తూ దుఆ చేయటం ఆయన చెవిన పడిందట. మరునాడు వేలమంది చూస్తుండగా కావాలనే వెల్లకిల పడిపోయాడట. కథే కావచ్చు. కాని ఎన్నడూ ఓడని మల్లుణ్ణి కాక, ఓడటానికి ఒప్పుకొన్న మల్లుణ్ణి ఒక జాతి ఆరు వందల ఏళ్ళకు పైగా తలచుకొంటున్నదంటే ఆ తాలీమ్ ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఈ రెండు విద్యలూ, అంటే మన మల్లవిద్యా వాళ్ళ పహిల్వానీ, మొగలాయి కొలువులో కలిశాయి. అక్బరు కొలువులో ఇరానీ, తూరానీ కుస్తీవీరులూ, గుజరాతు మల్లులూ కలిసి ఉండేవారని అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో పేర్లతో సహా వ్రాశాడు. అక్కడి నుంచి నవాబుల సంస్థానాలకు, రాజుల సంస్థానాలకు, అక్కడి నుంచి మన ఊళ్ళ తాలీంఖానాలకు ఈ విద్య దిగివచ్చింది. హిందూ వస్తాదుకు ముస్లిం శిష్యులు, ముస్లిం వస్తాదుకు హిందూ శిష్యులు ఉండటం వింతగా ఎవరూ చెప్పుకొనేవారు కాదు. పీర్ల పండుగ ఊరేగింపులో కర్రసాము చేసేవారిలో ఎవరు ఏ మతమో పోల్చటం కష్టంగా ఉండేది.

తాలీంఖానాలో సామాను చాలా తక్కువ. మెత్తగా త్రవ్విన ఎర్రమట్టి గోదా, ముగ్దర్ల జతలు, నడుమ పట్టుకోవటానికి వీలుగా తొలిచిన రాతిగుండ్లు, మెడలో వేసికొని బస్కీలు తీయటానికి రాతి చక్రం. కొత్తగా చేరినవాడికి ముందు గోదా మట్టి త్రవ్వే పనే. చేతులకు, నడుముకు, భుజాలకు అంతకంటె మంచి కసరత్తు లేదు. వాడికది తెలియదు, చాకిరీ అనుకొంటాడు. అసలు సాధన దండీలు, బస్కీలు. ఇవాళ 20 తీస్తే వారానికి 25, ఆ పైన 30. ముగ్దరు కూడా చిన్నది తిప్పటం వచ్చాకనే పెద్దది చేతికిచ్చేవారు. ఆంగ్ల సైనికాధికారులు ఈ ముగ్దర్లను చూసి ముచ్చటపడి తమ దేశానికి తీసికొనిపోయి ‘ఇండియన్ క్లబ్బులు’ అని పేరు పెట్టారు. 1904లోనూ, 1932లోనూ ఒలింపిక్ క్రీడలలో ముగ్దరు తిప్పే పోటీ జరిగిందంటే మన పిల్లలు నమ్మరు. 1932లో లాస్ ఏంజిలిస్‌లో బంగారు పతకం పొందినవాడు జార్జ్ రాత్ అనే అమెరికన్.

కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోవటమే కండకు మూలమని ప్రాచీన గ్రీకులకూ తెలుసు. క్రోటన్ ఊరి మైలో అనేవాడు లేగదూడను రోజూ ఎత్తుకొని తిరిగాడనీ, అది ఎద్దయ్యేసరికి ఎద్దునే మోయగలిగాడనీ వాళ్ళ కథ. ఈ సంగతిని ఆసుపత్రిలో నిలబెట్టినవాడు థామస్ డెలోర్మ్ అనే అమెరికా సైన్యపు డాక్టరు. రెండవ ప్రపంచయుద్ధంలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులకు విశ్రాంతికి బదులు బరువులిచ్చి, వారం వారం పెంచుతూ పోయాడు. అనుకొన్న దానికంటె ముందే వాళ్ళు లేచి నడిచారు. 1945లో ఆయన ఈ ఫలితాలు ప్రకటించాడు. మన వస్తాదులు పత్రికల్లో ప్రకటించలేదు గాని, పద్ధతి అదే.

ఇప్పుడు గామా దగ్గరకు వద్దాము. అసలు పేరు గులాం ముహమ్మద్ బఖ్ష్. అమృతసర్ ప్రాంతంలో స్థిరపడ్డ కాశ్మీరీ పహిల్వానుల కుటుంబం. పుట్టింది 1878లో. తండ్రి అజీజ్ బఖ్ష్ కూడా మల్లుడే, కాని గామా చిన్ననాడే పోయాడు. తాత, మేనమామ పెంచారు. 1888లో, పదేళ్ళ వయస్సులో, జోధ్‌పూర్ మహారాజు పెట్టిన బస్కీల పోటీకి తీసికొనిపోయారు. 400 మందికి పైగా పహిల్వానులు. ఒక్కొక్కరే కూలబడుతుంటే చివరికి మిగిలిన 15 మందిలో ఈ పిల్లవాడు ఉన్నాడు. వయస్సు చూసి మహారాజు ఆతనికే గెలుపు ఇచ్చాడు. ఆ తరువాత దతియా మహారాజు పోషణలోకి తీసుకొన్నాడు. అంటే పదేళ్ళప్పటి నుంచి గామాకు తిండి ఖర్చు ఇంటిది కాదు, సంస్థానానిది.

పెద్దయ్యాక గామా రోజూ 5,000 బస్కీలు, 3,000 దండీలు తీసేవాడనీ, 40 మందితో జోడు పట్టేవాడనీ అంటారు. ఈ అంకెల మీద మేము తరగతిలో పిల్లలచేత లెక్క కట్టించాము. నిమిషానికి 20 చొప్పున 5,000 బస్కీలకు 250 నిమిషాలు, 3,000 దండీలకు 150 నిమిషాలు. మొత్తం 6 గంటల 40 నిమిషాలు, అదీ మధ్యలో ఊపిరి తీసికోకుండా. ఆ పైన కుస్తీ. అంకెలు కొంత పెరిగి ఉండవచ్చు. సగానికి తగ్గించినా ఒక మనిషికి పొద్దంతా అదే పని. కాలేజీ నుంచి వచ్చి గంటసేపు జిమ్ముకు పోయే కుర్రవాడు గామా తిండి తింటే ఏమవుతుందో వేరే చెప్పాలా? పొట్ట వస్తుంది.

ఆ తిండి ఏమిటంటే: రోజుకు 10 లీటర్ల పాలని కొందరు, 15 అని కొందరు. నెయ్యి, బాదం పప్పు నూరి కలిపిన సర్దాయి, మాంసం ఉడికించిన యఖ్నీ, పండ్లు. పాలు, నెయ్యి, బాదం – ఉత్తరదేశపు అఖాడాలలో ఈ మూడూ పహిల్వాను ఖురాకుకు మూడు స్తంభాలు, మతమేదైనా సరే. దీనికీ లెక్క కడదాము. గేదెపాలు లీటరుకు ఇంచుమించు 1,000 కేలరీలు. 10 లీటర్లంటే 10,000. మామూలు మనిషి నలుగురైదుగురి తిండి ఒక్క పాలలోనే వచ్చింది. మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు, ఒక్క పాలతోనే 350 గ్రాములు దాటుతాయి. బరువులెత్తేవారికి శరీరం బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీను చాలునని, ఆపైన తిన్నదానివల్ల కండ పెరిగేది స్వల్పమని నేటి పరిశోధకులు చెబుతున్నారు. 90 కిలోల గామాకు 144 గ్రాములు. మిగిలినదంతా ఏమయింది? కొంత ఆ ఆరేడు గంటల చాకిరీకి పొయ్యిలో కట్టెలుగా పోయింది. కొంత – మా అభిప్రాయం ఇది – మహారాజుగారి గొప్ప కోసం. మా పహిల్వాను ఇన్ని శేర్ల పాలు తాగుతాడు, ఇంత నెయ్యి తింటాడు అని చెప్పుకోవటం, మా ఏనుగు ఇంత ఎత్తు అని చెప్పుకోవటంలాంటిది.

ఇట్లాంటి గొప్పలో భాగమే బరోడా రాయి కూడా. 1902లో గామా 1,200 కిలోల రాయి ఎత్తాడని ఆ రాతిమీద చెక్కి బరోడా మ్యూజియంలో ఉంచారు. 2016లో ఎడ్డీ హాల్ అనే ఆంగ్లేయుడు 500 కిలోల కడ్డీని నేలనుంచి తొడల దాకా లేపి, అక్కడే కుప్పకూలినంత పనయింది. ప్రపంచమంతా నోరు వెళ్ళబెట్టింది. అందుకు రెండింతలకు పైగా బరువును గామా ఎత్తాడంటే, ఎత్తటం అన్న మాటకు అర్థం వేరే ఉండాలి. కదిలించాడో, ఒక అంచు లేపాడో. గామా మీద మాకు భక్తి లేక కాదు. రాతిమీద చెక్కినంత మాత్రాన త్రాసులో తూచినట్లు కాదు. చరిత్ర పాఠం చెప్పేవారికి ఈ మాత్రం అనుమానం ఉండాలి.

అనుమానం లేని ఘనత ఆయనకు వేరే ఉన్నది. 1910లో తమ్ముడు ఇమామ్ బఖ్ష్‌తో కలిసి లండను పోయాడు. ఎత్తు సుమారు 5 అడుగుల 7, 8 అంగుళాలు. పొట్టివాడని అక్కడివాళ్ళు పోటీలో చేర్చుకోలేదు. ఎవరైనా ముగ్గుర్ని 30 నిమిషాల్లో పడేస్తానని సవాలు చేశాడు. అమెరికన్ మల్లుడు డాక్టర్ బెంజమిన్ రోలర్‌ను మొదటిసారి రెండు నిమిషాలు కాకముందే, రెండవసారి పది నిమిషాలలోపున పడగొట్టాడు. ఇమామ్ బఖ్ష్ స్విట్జర్లాండు మల్లుడు జాన్ లెమ్‌ను చిత్తు చేశాడు. సెప్టెంబరు 10న పోలండు దేశపు స్తానిస్లాస్ జిబిస్కోతో గామా కుస్తీ. తనకంటె ఎంతో బరువైన ఆ మనిషి నేలకు అంటుకొని పడుకొనే ఉండి, రెండున్నర గంటలకు పైగా లేవనే లేదు. తీర్పు లేకుండా ఆగింది. వారం తరువాత మళ్ళీ పట్టాలంటే జిబిస్కో రాలేదు. జాన్ బుల్ పట్టా గామాకే ఇచ్చారు. 18 ఏళ్ళకు, 1928 జనవరిలో, పటియాలాలో ఇద్దరూ మళ్ళీ తలపడ్డారు. ఈసారి నిమిషం పూర్తికాకుండానే జిబిస్కో వీపు మట్టికి తగిలింది. అప్పటికి గామా వయస్సు దగ్గర దగ్గర 50.

ఇందులో ఖురాకు ఎంత, కసరత్తు ఎంత, పుట్టుక ఎంత అని విడదీయలేము. కాని తిండి సంగతి విడిగా పరీక్షించినవాడు మాత్రం ఒకడున్నాడు. నీలగిరుల్లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు 1920ల్లో ఎలుకలను గుంపులుగా చేసి, ఒక గుంపుకు సిక్కుల భోజనం, ఒక దానికి పఠానుల భోజనం, ఒక దానికి మరాఠాలది, ఒక దానికి బెంగాలీలది, ఒక దానికి మద్రాసువారిది పెట్టి చూశాడు. గోధుమరొట్టె, పాలు, నెయ్యి, పప్పు, కూరగాయలు, అప్పుడప్పుడు మాంసం గల సిక్కు భోజనం తిన్న ఎలుకలు అన్నిటికంటె బాగా పెరిగాయి. తెల్లబియ్యమే ఎక్కువగా గల మద్రాసు భోజనం తిన్నవి అన్నిటికంటె వెనుకబడ్డాయి. అప్పుడు మన సర్కారు జిల్లాలూ, రాయలసీమా మద్రాసు రాజధానిలోనివే కదా! బియ్యం తప్పు కాదు, బియ్యం తప్ప మరేమీ లేకపోవటం తప్పు. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది.

సిక్కు భోజనమే తినాలని లేదనటానికి మన తెలుగునేలే సాక్ష్యం. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో సాధన చేసి, ఛాతీమీద ఏనుగును నిలిపి, ఒంటికి కట్టిన ఇనుపగొలుసులు తెంచి, కలియుగ భీముడనిపించుకొన్నాడు. శాకాహారి. 1942లో పోయాడు. దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్స్‌లో బరువులెత్తాడు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చూసినవారికి ఆయన భీముడుగా గుర్తుంటాడు. విజయవాడ ఇండోర్ స్టేడియం ఆయన పేరిటే ఉంది. శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస దగ్గరి పల్లెపిల్ల కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగు ప్రపంచ విజేత అయింది. ఆడపిల్లలకు బరువులెందుకు అనేవారికి ఈ రెండు పేర్లు చాలు.

హైదరాబాదు మాట ఎత్తితే బార్కస్ గురించి చెప్పకుండా ఉండలేము. నిజాము సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల బారకాసులే ఆ పేటకు పేరయ్యాయి. కుస్తీకి, కసరత్తుకు ఆ పేట పెట్టింది పేరు. ఆ అరబ్బుల హరీసే మన హలీముకు తల్లి. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి గంటల తరబడి గోటీలతో ఎనిపిన ఆ వంటకం అసలు పహిల్వాను కోసం చేసినట్లే ఉంటుంది. హరీసా పేరు 10వ శతాబ్దపు బాగ్దాదు వంటల పుస్తకంలోనే ఉన్నది. 2010లో హైదరాబాదు హలీముకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉపవాసం విడిచాక గిన్నెడు హలీము తిన్న కుర్రవాడికి ఏ పొడి డబ్బా అవసరమూ లేదు. అయితే తరావీహ్ కూడా ఎగ్గొట్టి నాలుగు గిన్నెలు తినేవాడి సంగతి మేము చెప్పటం లేదు.

రాజుగారి పద్దు అన్నాము. 1947తో ఆ పద్దు మూతబడింది. సంస్థానాలు కలిసిపోయాయి, పహిల్వానులకు పాలు పోసే కొట్టాలూ పోయాయి. గామా లాహోరులో ఉండిపోయాడు. అల్లర్లలో తన వీధిలోని హిందూ కుటుంబాలకు అడ్డుగా నిలబడ్డాడని, వారి దారి ఖర్చులకు డబ్బిచ్చి సాగనంపాడని అక్కడివారు చెప్పుకొంటారు. కాని చివరి రోజులు ఇబ్బందిగానే గడిచాయి. ఆ ఇబ్బంది విని ఈవలి దేశంనుంచి ఘనశ్యామ్‌దాస్ బిర్లా కొంత సొమ్ము పంపి, నెలకు 300 రూపాయలు ఏర్పాటు చేశాడు. 1960 మే 23న గామా కన్నుమూశాడు. ప్రపంచాన్ని పడగొట్టిన కండను పదేళ్ళ వయస్సు నుంచి ఎవరో ఒకరు పోషించారు. పోషించేవాడు లేనినాడు పూట గడవటమే కష్టమయింది. మన ఊళ్ళ తాలీంఖానాలూ చాలావరకు ఆ వరుసలోనే పోయాయి. నిజామాబాదు, కామారెడ్డి వైపు పల్లెల జాతరల్లో మాత్రం కొబ్బరికాయ పందెంతో మొదలుపెట్టి వెండి కడియంతో ముగించే కుస్తీలు నేటికీ జరుగుతున్నాయి.

మన పిల్లలకు మహారాజు లేడు. తండ్రి ఆటో నడిపేవాడో, బట్టలకొట్టులో గుమాస్తావో. కనుక లెక్క మళ్ళీ చేద్దాము. జాతీయ పోషకాహార సంస్థ 2020లో మామూలు పెద్దవారికి కిలోకు 0.83 గ్రాముల ప్రొటీను చాలునని చెప్పింది. 60 కిలోల కుర్రవానికి 50 గ్రాములు. బరువులెత్తితే 1.6 చొప్పున 96. మూడు గుడ్లలో 18 గ్రాములు, అరలీటరు పాలలో 17, 100 గ్రాముల కందిపప్పులో 22, 100 గ్రాముల కోడిమాంసంలో 20, రోజూ తినే బియ్యమో గోధుమో 400 గ్రాములలో 30కి తక్కువ కాకుండా. మొత్తం 107. డబ్బా ఎక్కడా రాలేదు. మాంసం లేనినాడు వేరుశెనగలు, సెనగలు, పెరుగు ఉన్నాయి. ఒకసారి వేళకు తినటం, రాత్రి 12 దాటాక సెల్లు చూడకుండా నిద్రపోవటం కూడా ఖురాకులో భాగమే. డబ్బా పొడి విషమని మేము అనటంలేదు. అది పాల విరుగుడు నుంచి తీసిన ప్రొటీనే. ఇంట్లో చెల్లెలికి గుడ్డు లేకుండా అన్నకు డబ్బా కొనటం మాత్రం అన్యాయం.

సూదుల సంగతి వేరు. మగతనపు హార్మోను మాదిరి తయారుచేసిన స్టెరాయిడ్ మందులను గుట్టుగా అమ్మేవారు అన్ని ఊళ్ళల్లో ఉన్నారు. వాటితో కండ పెరగటం నిజమే. గుండె, కాలేయం చెడటమూ, శరీరం తన సొంత హార్మోను తయారుచేయటం మానివేసి సంతానానికే ఎసరు రావటమూ అంతే నిజం. పాత తాలీంఖానాలో ఏ శిష్యుడు ఏమి తింటున్నాడో వస్తాదుకు తెలిసేది. బజారు జిమ్ములో తెలిసేవారు లేరు, డబ్బు కట్టాడా లేదా అన్నదే చూస్తారు.

కాబట్టి సర్వసభ్య సమావేశంలో మేము చెప్పదలచుకొన్నది ఇది. ఇనుప బరువులు ఒకసారి కొంటే ముప్పై ఏళ్ళు పడి ఉంటాయి, తుప్పు పట్టకుండా తుడిస్తే చాలు. స్కాలర్‌షిప్పు నిధిలోనుంచి ఒక్క పైసా తీయనక్కరలేదు. షాదీఖానా అద్దెలో మిగిలే సొమ్ము సరిపోతుంది. ఖర్చు ఇనుముది కాదు, మనిషిది. పొద్దున ఫజర్ నమాజు తరువాత రెండు గంటలు, సాయంత్రం అసర్ తరువాత రెండు గంటలు అక్కడ నిలబడి, ఎవడు తొందరపడి బరువు పెంచుతున్నాడో, ఎవడు తినకుండా వచ్చాడో కనిపెట్టే ఒక మనిషి కావాలి. ఆడపిల్లలకు వేరే వేళ, వారికి నేర్పే స్త్రీ వేరే కావాలి. జీతం ఎంత ఇవ్వగలమో కోశాధికారిగారు లెక్క చూసి చెబుతామన్నారు. గది కిటికీలకు జాలీలు, నేలకు చాపలు యువకులే వేసికొంటామన్నారు. వస్తాదుగా ఎవరిని పెట్టాలో, పేర్లు తెలిసినవారు ఈద్ మిలాప్ నాటికి కార్యదర్శిగారికి అందజేయగలరు.